బక్కచిక్కిన గుఱ్ఱమునకు గుగ్గిళ్లు పెట్టవద్దు

పెండ్లి ఊరేగింపులలో వరులను మోసి మోసి, జట్కాబండ్లను లాగి లాగి, ఇక పనికిరాదనిపించుకొన్ననాడు వీధిపాలైన గుఱ్ఱమును దయగలవా రెవరైన చేరదీసినంతనే, ఇరుగుపొరుగువారు నానవేసిన సెనగలును, ఉలవ గుగ్గిళ్లును, బెల్లపు ముక్కలును పట్టుకొని వత్తురు. ప్రక్కటెముకలు లెక్కకు వచ్చుచుండగా, తుంటియెముకలు చర్మమును చీల్చుకొని వచ్చునట్లున్న ఆ మూగజీవమును చూచి కడుపునిండ పెట్టవలెనని తోచుట సహజమే. కాని తొలిదినములలో ఆ పెట్టుటయే దాని ప్రాణమునకు ముప్పు.

బహుకాలము మేతలేని దేహము తన క్రొవ్వును, పిదప తన కండలనే కరగించుకొని బ్రతుకును. అట్టి దేహములో పిండిపదార్థము మెండుగాగల ధాన్యము ఒక్కసారిగా పడినచో, ఇన్సులిన్ పొంగి, రక్తములోని ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం కణములలోనికి తరలిపోవును. వాని కొఱతచే గుండెయు శ్వాసయు తడబడి, తేఱుకొనుచున్నదని మనము సంతసించుచున్న గుఱ్ఱము కొలది దినములలోనే కూలిపోవచ్చును. మనుష్యులలోను ఇట్లే జరిగినది: 1945లో నాజీల నిర్బంధ శిబిరములనుండి విముక్తులైన వారిలో ననేకులు ఆకలితీర భుజించిన పిదప మరణించిరి. లంఘనము చేసిన రోగికి ముందు జావయు, తరువాత చారన్నమును, ఆపై పప్పును వడ్డించు మన పెద్దల పథ్యక్రమము గుఱ్ఱమునకును వర్తించును.

డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు వేర్వేరు మేతలను పోల్చిచూచి, ఎండబెట్టిన లూసర్న్ గడ్డి శ్రేష్ఠమని తేల్చిరి. దానిలో పిండిపదార్థము తక్కువ, మాంసకృత్తులును మెగ్నీషియమును ఎక్కువ. తొలి 3 దినములు 4 గంటల కొకసారి సుమారు అరకిలో చొప్పున వేసి, 10వ దినము వఱకు మేతను క్రమముగా పెంచుచు పూటలను తగ్గించి, ఆ పిమ్మట తిన్నంత వేయవచ్చును. శుభ్రమైన నీరును, నాకుటకు ఉప్పుగడ్డయు ఎల్లప్పుడు అందుబాటులో నుండవలెను. ఉలవల వంతు చాల కాలము తరువాతనే, అదియు పశువైద్యుడు సరేనన్న పిదపనే.

గడ్డి వేయుచున్నను ఒళ్లు చేయనిచో తొట్టిక్రింద పరికింపవలెను. నమలి నమలి మ్రింగలేక జారవిడిచిన గడ్డియుండలు అచ్చట పడియున్నచో, పైదంతముల వెలుపలి అంచులు చెంపలను, క్రిందిదంతముల లోపలి అంచులు నాలుకను కోయుచున్నవని యెఱిగి, వైద్యునిచే వానిని ఆకురాయితో అరగదీయింపవలెను. నులిపురుగుల మందును సైతము ఆయన చెప్పిననాడే పోయవలెను. ఎముకలు నేలకొరసి పుండ్లు పడకుండ రంపపుపొట్టు మందముగా పఱచుటయు, క్రొవ్వులేని శరీరము చలికి తాళదు గావున రాత్రులందు కంబళి కప్పుటయు మేతతో సమానమైన అవసరములు.

ఇంత చేసినను గుఱ్ఱము పూర్వపుష్టిని పొందుటకు నెలలు పట్టును. ఇచ్చటనే మన దయయు మన చట్టమును రెండును చాలకపోవుచున్నవి. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టములోని 11వ సెక్షను తొలినేరమునకు నిర్ణయించిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయల వఱకు మాత్రమే. అది గుఱ్ఱమునకు ఒక దినపు మేతకైనను చాలదు. స్వాధీనము చేసికొన్న జంతువుల పోషణవ్యయమును యజమానిపై మోపుటకు 2017 నాటి నియమములు వీలు కల్పించినవి. ఆ వీలును న్యాయస్థానములు నిండుగా వినియోగింపవలెను. దాతలు గుఱ్ఱమును చేరదీసిన తొలినాటి ఛాయాచిత్రమునకు కరగిపోయి ఒక్కసారి ఇచ్చుటకంటె, ఐదారు నెలలపాటు నెలనెలా గడ్డిమోపుల వెల పంపుట మేలు. గుఱ్ఱములను చేరదీయు సంస్థలు అవి ఒళ్లు చేయుచున్నవో లేదో తెలియుటకు ఛాతి చుట్టుకొలతను వారమున కొకసారి టేపుతో కొలిచి వ్రాసియుంచవలెను. విరాళము కోరునప్పుడు చూపదగిన లెక్క అదియే, మనము అడుగవలసిన లెక్కయు నదియే.