పందెము – పట్టికలు

జట్ల గెలుపోటములను, గోలులను లెక్కించి ఫుట్‌బాలు పందెము వేయుట జూదము కాదు, గణితమే యని ఓరుగల్లు యువకులు కొందరు వాదింతురు. ఈ వాదమును పరిశీలింతము.

హైదరాబాదు జట్టునే చూడుడు. 2022 మార్చి 20వ తేదీన గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో నోడించి ఇండియన్ సూపర్ లీగు కప్పు గెలిచెను. మరుసటి యేడు పట్టికలో రెండవ స్థానము నందెను. కాని 2023–24లో 22 ఆటలలో ఒక్కటియే గెలిచి అట్టడుగున నిలిచెను. జీతములు బకాయిపడగా పలువురు ఆటగాండ్రు జట్టును వీడిరి. పాత పట్టికలను నమ్మినవాని గతి యేమి?

తాజా సంగతులెల్ల నెరిగినను ఫలమేమి? పందెము నడుపువాడును వానిని ఎరిగియే ధర కట్టును. సమబలముగల రెండు జట్లలో నొకటి గెలిచితీరవలసిన తుదిపోటీలకు, గెలిచినవానికి రూపాయికి 2 రూపాయలకు మారుగా 1.90 యిచ్చుననుకొందము. నూరేసి రూపాయలు నూరు పందెములొడ్డి యేబది గెలిచినవానికి వచ్చునది 9,500, ఒడ్డినది 10,000. నష్టపడకుండుటకే 53 గెలువవలెను.

ఋతుపర్ణునివద్ద అక్షహృదయము నేర్చి నలుడు గెలిచెనందురు. నిజమే. నేడు ఆ విద్య నేర్చినవాడు పందెపు దుకాణమునందే కూర్చున్నాడు.

ఆన్‌లైను పందెములను నిషేధించుచు తెలంగాణము 2017లోను, కేంద్రము 2025లోను చట్టములు చేసినవి. పొలము తాకట్టు పడకమునుపే ఇంటిపెద్దలు ఈ లెక్కను బిడ్డలచేత ఒక్కసారి కట్టించవలెనని మా మనవి. ఆటను ప్రేమించువారికి పట్టికలు వినోదము. పందెగానికి మాత్రము ఉచ్చు.