బంతి కుట్టేది మనం, పైసలు ఎవరికి?

ఆటలంటే పిల్లల కాలక్షేపం అనుకుంటే మోసపోతం. ఐపీఎల్ క్రికెట్‌ను ఐదేండ్లు టీవీల్లో, ఫోన్లల్లో చూపే హక్కులే 2022లో 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినయి. ఇది ఆట కాదు, పెద్ద పరిశ్రమ.

ఆ పరిశ్రమకు కావాల్సిన సరుకు తోలు. మీరట్‌లో క్రికెట్ బంతులు కుట్టే చేతులు ఎక్కువగా జాటవ్ అన్నలవే. తోలు ముట్టినోన్ని అంటరానోడన్న దేశం, ఆ తోలుబంతినే తొడకు రుద్దుకుంటది! కుట్టినోనికి మాత్రం బంతికింత అని కూలి, అంతే.

మనకు ఆడటం రాదా? చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ 1911లో ఇంగ్లండు పోయి వందకు పైగా వికెట్లు తీసిండు. అదే బాలూకు పూణేలో చాయ మైదానం బయట, మట్టి ముంతలో పోసిండ్రు. మన తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ 2014లో, 13 ఏండ్లకే ఎవరెస్టు ఎక్కింది. సర్కారు ఖర్చు పెట్టి నేర్పింది కాబట్టే ఎక్కింది.

తెలంగాణ సర్కారు కొలువుల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉన్నది. గ్రౌండు, పీఈటీ సారు లేని బడి పిల్లలకు అదెట్ల అందుతది? బాన్సువాడ చుట్టుపక్కల సంఘాల వాళ్లు మీ ఊరి బడికి ఎన్ని గుంటల ఆటస్థలం ఉన్నదో, ఎంత కబ్జా అయిందో లెక్క తీయుండ్రి. గ్రామసభలో అడుగుండ్రి. మనకు రాసి పంపుండ్రి.