కాజీపల్లిలో కంపెనీలు ఉన్నయి, మరి టౌన్ ఏది?



పోస్టు కొంచెం పొడుగైంది, తీరిక ఉన్నప్పుడే చదవండి. లగచర్ల గొడవ అయినప్పటి నుంచి మన గ్రూపుల ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది. "తండా పక్కకు కంపెనీ వస్తే మంచిదే కదా, మనోళ్లు ఎందుకు వద్దన్నరు?" అని. ఈ మాట అంటున్నది బయటోళ్లు కాదు, డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న మన అన్నలే. వాళ్ల బాధ నాకు అర్థమైతది. కాని ఫార్మా వస్తే ఊరు ఎట్లుంటదో తెలియాలంటే రాబోయేదాని ప్లాన్ బొమ్మలు చూస్తే తెల్వది. నలభై ఏండ్ల కింద వచ్చినదాన్ని చూడాలె. అది మనకు దగ్గర్లనే ఉంది, కాజీపల్లి.

సంగారెడ్డి జిల్లాల బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి, ఇటు పటాన్‌చెరు, పాశమైలారం అన్నీ కలిపితే ఒక పట్టీ లెక్క ఉంటయి. ఇక్కడికి మందుల కంపెనీలు ఊరికే రాలేదు. బాలానగర్‌లో 1960లలో రష్యా సాయంతో ఐడీపీఎల్ అని సర్కారు మందుల ఫ్యాక్టరీ పెట్టిన్రు. మన దగ్గర కెమిస్టులు తయారైంది అక్కడే. తర్వాత 1970 పేటెంట్ చట్టం వచ్చింది, 1972 నుంచి అమలైంది. 2005 దాకా దాని ప్రకారం మందు మీద పేటెంట్ ఉండకపోయేది, తయారుచేసే పద్ధతి మీదనే ఉండేది. వేరే పద్ధతిల అదే మందు చేసుకుంటే తప్పు కాకపోయేది. ఐడీపీఎల్‌లో పని నేర్చినోళ్లు బయటకొచ్చి సొంత కంపెనీలు పెట్టిన్రు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు కూడా అక్కడ పనిచేసినాయనే. మెదక్ వెనుకబడిన జిల్లా అని రాయితీలు ఇచ్చిన్రు, హైదరాబాద్ దగ్గర, భూమి చవక. 1980లో ఇందిరాగాంధీ ఎంపీగా గెలిచింది కూడా మెదక్ నుంచే. ఇట్ల అన్నీ కలిసొచ్చినయి.

దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. గోలీల అసలు పనిచేసే పొడిని బల్క్ డ్రగ్ అంటరు. అది ఇక్కడ చవకగా తయారైంది కాబట్టే మన తండాల ముసలామె కూడా మందు కొనుక్కోగలుగుతుంది. ఇది నిజం.

ఇంకో నిజం చెరువుల ఉంది. కిలో మందు చేయాలంటే దానికి ఎన్నో రెట్లు రసాయనాలు, సాల్వెంట్లు రియాక్టర్ల పోస్తరు. మందు తీసుకున్నంక మిగిలిందంతా ఎక్కడికో పోవాలె కదా. నక్కవాగుల పడి మంజీరకు పోయింది, చెరువులల్ల నిలబడ్డది. మొదట గొడ్లు చచ్చినయి, పొలాలు పాడైనయి. పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు, రైతులు ఏండ్లకేండ్లు కొట్లాడిన్రు. 1990లో సుప్రీంకోర్టుల కేసు పడ్డది. అక్కడ్నుంచి హైకోర్టుకు, ఆ తర్వాత గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోయి 2017లో తీర్పొచ్చింది. 27 ఏండ్లు! అంటే కేసు వేసిన యేడు పుట్టిన పిల్లకు పెండ్లయి పిల్లలు కూడా అయి ఉంటరు.

2007లో స్వీడన్ సైంటిస్టులు ఒక లెక్క అచ్చేసిన్రు. అప్పుడు దాదాపు 90 మందుల కంపెనీల నీళ్లను పటాన్‌చెరుల ఒక్క దగ్గర శుద్ధి చేసేటోళ్లు. శుద్ధి చేసినంక బయటకొచ్చే నీళ్లల్ల సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. అదే గోలీ మింగిన రోగి రక్తంల కూడా అంత ఉండదు. 2014లో ఇంకో పరిశోధన నేరుగా మన కాజీపల్లి చెరువు మీదనే వచ్చింది. యాంటీబయాటిక్‌కు లొంగకుండ సూక్ష్మజీవులను కాపాడే జీన్లు స్వీడన్ చెరువుల కంటే ఇక్కడ సుమారు 7,000 రెట్లు ఎక్కువున్నయని తేల్చిన్రు. అంటే రోగం తగ్గించే మందు తయారుచేసే ఊర్లనే, మందుకు తగ్గని రోగాలు పుట్టే దారి పడుతుంది. 2020లో హీరో ప్రభాస్ కాజీపల్లి రిజర్వ్ ఫారెస్టు 1,650 ఎకరాలు దత్తత తీసుకున్నడు, మంచిదే. చెరువును దత్తత తీసుకునే హీరో మాత్రం ఇంకా రాలే.

ఈ సిప్రోఫ్లాక్సాసిన్‌ను కనిపెట్టింది జర్మనీ కంపెనీ బేయర్. ఆ కంపెనీ ఊరు లెవర్‌కూసెన్, రైన్ నది ఒడ్డున. కార్ల్ లెవర్‌కుస్ అనే ఆయన అక్కడ రంగుల ఫ్యాక్టరీ పెట్టిండు. బేయర్ దాన్ని 1891లో కొన్నది. 1930లో చుట్టుపక్కల ఊర్లు కలిపి టౌన్ చేసి ఆ లెవర్‌కుస్ పేరే పెట్టిన్రు. మొదట ఫ్యాక్టరీ, దాని చుట్టూ టౌన్. కాజీపల్లి లెక్కనే కదా అనిపిస్తది. కాని అక్కడ కార్మికులకు కంపెనీ కాలనీలు కట్టింది. 1904లో కార్మికులు అడిగితే ఆటల క్లబ్బు పెట్టింది. 2024లో జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ గెలిచింది ఆ క్లబ్బే.

జర్మనీ దేవుడని చెప్తలేను. బేయర్ కలిసిన ఐజీ ఫార్బెన్ హిట్లర్ కాలంల ఖైదీలతోని వెట్టి చేయించింది. లెవర్‌కూసెన్‌ల చెత్త పోసిన దిబ్బ మీదనే జనం ఇండ్లు కట్టుకుంటే, తర్వాత వాళ్లను అక్కడ్నుంచి తరలించి, దిబ్బను మూసేసి, 2005లో దాని మీదనే పెద్ద పూలతోటల ప్రదర్శన పెట్టిన్రు. 2021 జులైల అక్కడి కెమికల్ పార్కుల పేలుడు అయితే ఏడుగురు చచ్చిపోయిన్రు. రసాయనం ఎక్కడైనా రసాయనమే. తేడా ఏందంటే అక్కడ కార్మికుడు ఆ ఊరి మనిషి. ఇల్లు, క్లబ్బు, ఓటు అన్నీ ఆ ఊర్లనే. కాబట్టి చెత్తదిబ్బ గురించి గట్టిగ అడగగలిగిండు.

కాజీపల్లిల పనిచేసేది ఎవరు? ఒడిశా, బీహార్, జార్ఖండ్, బెంగాల్ నుంచి వచ్చినోళ్లు, ఇటు మన తండాల పిల్లలు. ఒక్క రూముల ఐదారుగురు, షిఫ్టు డ్యూటీ. మనిషి పని చేసేది కంపెనీల, జీతం ఇచ్చేది కాంట్రాక్టరు. ఓటు ఊర్ల, రేషన్ కార్డు ఊర్ల, పండుగకు పోయేది ఊరికి. చెరువు పాడైతే వాడెందుకు అడుగుతడు, అది వాడి చెరువు కాదాయె. ఇక ఆ చెరువు సొంతమైన రైతుకేమో కంపెనీల నౌకరి లేదు. ఈ ఇద్దరిని కలవనీయకుండ ఉంచిందే ఈ పట్టీ గుణం. నా దృష్టిల కాలుష్యం కంటే పెద్ద రోగం ఇదే.

2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీల పేలుడు అయినప్పుడు అందరం చూసినం. అది గోలీలల్ల కలిపే సెల్యులోజ్ పొడి తయారుచేసే చోటు. 50 మందికి పైగా పోయిన్రు. చాలామందిని డీఎన్‌ఏ పరీక్షతోనే గుర్తుపట్టిన్రు. 8 మంది ఆనవాళ్లు కూడ దొరకలే. ఎక్కువమంది వేరే రాష్ట్రాలోళ్లే. వాళ్ల అమ్మానాన్నలు రైలెక్కి వచ్చి గేటు ముందు కూసున్నరు, మా పిలగాడు లోపల ఉన్నడా లేడా అని.

ఇప్పుడు లగచర్ల దగ్గరికి వద్దాం. కొడంగల్ దగ్గర లగచర్ల, రోటిబండ తండా వాళ్లు ఫార్మాకు భూమి ఇయ్యమన్నరు. 2024 నవంబర్‌ల అధికారుల మీద దాడి జరిగింది. దాడి తప్పే, నేను సమర్థించను. కాని ఆ తర్వాత అరెస్టులు, ఢిల్లీ దాకా పోయి గోడు చెప్పుకున్న మన అక్కలు, ఇవన్నీ గుర్తున్నయి కదా. ఆ నెలాఖరుల సర్కారు ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి తీసుకున్నది, తర్వాత ఇండస్ట్రియల్ పార్కు అన్నది. తండావాళ్లకు చదువు లేక వద్దన్నరని కొందరు రాసిన్రు. నాకైతే వాళ్లు కాజీపల్లిని మనకంటే బాగ చదివిన్రనిపిస్తది.

కంపెనీయే వద్దు అని నేను అనను. నాకూ రేపు నౌకరి కావాలె, కెమిస్ట్రీ చదివేటోళ్లు మన హాస్టళ్లల్ల బోలెడుమంది ఉన్నరు. హెల్పరుగా కాకుండ ల్యాబులకు పోవాలని చదువుతున్నరు. కాని భూమి అడిగే ముందు ఎకరానికి ఎంత అనేదొక్కటే మాట్లాడుతున్నం. చెరువు నీళ్లు ఇప్పుడెట్లున్నయో పరీక్ష చేసి గ్రామసభల చదివిన్రా? కంపెనీ నీళ్లు ఏ వాగుల పడ్తయి? భూమి పోయిన ఇంటి పిల్లలు కంపెనీ రోల్స్ మీద ఉంటరా, కాంట్రాక్టరు కింద ఉంటరా? పనోళ్లకు ఇండ్లు ఎవరు కడ్తరు? ఇవి రాసి ఇయ్యకుండ సంతకం పెట్టొద్దని నా అభిప్రాయం.

ఇప్పటికే ఆ లైన్‌ల పనిచేస్తున్న అన్నలు, అక్కలు ఒకటి చూసుకోండి. హాజరు రిజిస్టర్‌ల మీ పేరు ఉందా, ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ నంబరు మీ చేతిల ఉన్నయా? లేకపోతే రేపు ఏమన్న అయితే లోపల ఉన్నరని చెప్పడానికి కూడ కాగితం ఉండదు.

కాజీపల్లి చెరువు నీళ్ల పరీక్ష రిపోర్టులు ఐదేండ్లవి కావాలని కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు దరఖాస్తు రాసిన. ఫీజు పది రూపాయలే. లా చదివే అన్నలు ఎవరన్న ఒకసారి చూసి తప్పులుంటే దిద్దండి, సోమవారం పోస్టుల వేస్త.