మూడు వేల వాట్ల అబద్ధం

“ఎన్ని వాట్లు కావాలి సార్?”

స్పీకర్లకి యాంప్లిఫయరు కొందామని కాకినాడలో నేనెక్కిన ప్రతి కొట్టులోనూ మొదటి ప్రశ్న ఇదే. ఆ స్పీకర్లు ఏమిటి, ఎన్ని ఓమ్‌లు, గది ఎంత, వినేదెవరు.. ఊహూఁ, ఎవరూ అడగలేదు. వాళ్ళని తిడదామనే మొదలుపెట్టాను గానీ, ఆ ప్రశ్నకి “ఎక్కువవే ఇవ్వండి” అని పళ్ళికిలించిన వెధవని నేనే కాబట్టి తిట్లలో సగం నావి.

జరిగింది చెప్తాను. 2019 సంక్రాంతికి ఇంటికెళ్తూ నాన్నగారి కోసం హైదరాబాదు నుంచి ఒక జత బుక్‌షెల్ఫు స్పీకర్లు పట్టుకెళ్ళాను. మంచివే. యాంప్లిఫయరు మాత్రం ఊళ్ళో తీసుకుందాంలే అనుకున్నా. కొట్టాయన నీలం లైట్లు వెలిగే డబ్బా ఒకటి చూపించి “మూడు వేల వాట్లండీ, ఆయ్! వీధి చివరిదాకా వినపడిపోద్దండీ” అన్నాడు. ఆఫీసులో ఎవడైనా సర్వరు కొందామంటే వంద ప్రశ్నలేసే నేను, ఇక్కడ ఒక్క ప్రశ్న వెయ్యకుండా డబ్బులిచ్చేశాను.

నాన్నగారికి చిట్టిబాబు వీణంటే ప్రాణం. ఆయన 1936లో పుట్టింది కాకినాడలోనే కదా, అందుకని ఆ అభిమానంలో కాస్త ఊరి గర్వం కూడా కలిసుంటుంది. కొత్త సెట్టు మీద నెల రోజులు విన్నారు. తర్వాత తగ్గించారు. ఆ తర్వాత మానేశారు. ఫోన్లో అడిగితే “ఏం లేదురా, నా చెవులే పోతున్నాయి. వీణ మీటుతుంటే రేకు డబ్బా మీద కొట్టినట్టుంటోంది” అన్నారు. అమ్మ ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళింది. వయసుకి తగ్గట్టు బాగానే ఉన్నాయని పరీక్ష చేసి పంపించేశాడట. అయినా నాన్నగారు నమ్మలేదు. డబ్బా మూడు వేల వాట్లది, పైగా కొడుకు కొన్నది. ఇంక తప్పు తన చెవులదే అని ఆయన లెక్క.

దసరాకి వెళ్ళినప్పుడు మూత విప్పాను. లోపల 4440 ఐసీ ఒకటి. రేడియో రిపేరు చేసేవాళ్ళందరికీ తెలిసిన పాత చిప్పే. దాని డేటాషీటు ప్రకారం 4 ఓమ్‌ల స్పీకర్లకి ఒక్కో ఛానల్‌కి 6 వాట్లు, అదీ 10 శాతం డిస్టార్షన్‌తో. మా స్పీకర్లు 8 ఓమ్‌లవి, కాబట్టి ఇంచుమించు అందులో సగం. మూడు వేలు అనుకున్నది మూడు!

ఇందులో ఆ చిప్పు తప్పేం లేదు పాపం. తప్పంతా అట్టపెట్టె మీద రాసిన ‘పీఎంపీఓ’ది. కెపాసిటర్లలో దాచుకున్న కరెంటంతా ఏ రెప్పపాటులోనో బయటికొస్తే ఎంతుంటుందో, ఆ ఊహని వాట్లలో రాస్తారన్నమాట. దాన్ని ఎలా కొలవాలో అందరూ ఒప్పుకున్న పద్ధతి లేదు, అందుకని ఎవడికి తోచినన్ని సున్నాలు వాడు పెట్టుకుంటాడు. చిన్నపిల్లల గుణకారానికే దొరికిపోయే దొంగతనం ఇది. గోడకున్న చిన్న ప్లగ్గు మోసేది 6 ఆంపియర్లు. 230 వోల్టులతో గుణిస్తే 1380 వాట్లు. ఆ కన్నంలోంచి మూడు వేలు ఎలా లాగుతావయ్యా? గీజరుకి పెద్ద ప్లగ్గు ఎందుకు పెట్టించుకున్నాం మరి?

“మార్కెటింగులో ఇవన్నీ మామూలే” అంటాడు మా స్నేహితుడొకడు. మామూలేం కాదు. అమెరికాలో 1974లోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్ళు, ఇళ్ళల్లో వాడే యాంప్లిఫయరు నిలకడగా ఎన్ని వాట్లిస్తుందో, ఎన్ని ఓమ్‌లకి, ఎంత డిస్టార్షన్‌తో ఇస్తుందో చెప్పి తీరాలని రూలు పెట్టారు. 2024లో దాన్ని ఇంకా బిగించి 8 ఓమ్‌లు, 20 నుంచి 20,000 హెర్ట్జ్, 1 శాతం లోపు డిస్టార్షన్ అని ఖాయం చేశారు. అంత మాత్రాన అక్కడ యాంప్లిఫయర్ల వ్యాపారం మూతపడిందా?

ఇంతకీ మా హాలుకి ఎంత కావాలి? స్పీకరు సెన్సిటివిటీ 86 డెసిబెల్స్, అంటే ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో అంత శబ్దం. నాన్నగారి కుర్చీ మూడు మీటర్ల దూరంలో ఉంటుంది. దూరానికి కొంత పోయి, రెండో స్పీకరు వల్ల కొంత కలిసి, వాటుకి 80 దాకా చెవికి చేరుతుంది. ఆయన వినేది 75 దగ్గర. దానికి వాటులో మూడో వంతు చాలు! మరి మూడు వాట్లు ఎందుకు చాల్లేదూ అంటే, తీగ మీటినప్పటి దెబ్బ వేరు, తర్వాత సాగే నాదం వేరు. సంగీతంలో అలాంటి దెబ్బలు సగటు కంటే 15, 20 డెసిబెల్స్ పైకి లేవడం మామూలే. ప్రతి 10 డెసిబెల్స్‌కీ పది రెట్లు పవరు కావాలి. అంటే 95 అందుకోవాలంటే 30 వాట్లు దాటాలి. మూడు వాట్ల డబ్బా అంత ఎత్తు అలని ఇవ్వలేక దాని తల నరికేస్తుంది. క్లిప్పింగ్ అంటారు. నాన్నగారికి వినపడిన రేకు చప్పుడు అదే. ఆయన చెవులు భేషుగ్గా పనిచేస్తున్నాయన్నమాట.

ఇది చదివి రెండో రకం మేధావులు సంబరపడక్కర్లేదు. యాంప్లిఫయరుకీ స్పీకరుకీ ఏవో జాతకాలు కలవాలనీ, ఫలానా వైరుకి పాతిక వేలు పోస్తే గానీ వీణ వీణలా మోగదనీ చెప్పే బాపతు. ఓమ్‌లు, సెన్సిటివిటీ, నిజమైన వాట్లు, ఇవీ చూడాల్సిన జాతకాలు. 8 ఓమ్‌లకి తక్కువ పెట్టొద్దన్న యాంప్లిఫయరుకి 4 ఓమ్‌ల స్పీకర్లు తగిలిస్తే కరెంటు రెట్టింపు లాగి వేడెక్కి చస్తుంది, అదొకటి చూసుకోండి. మిగతాదంతా కాకినాడ కాజాకి వెండి రేకు చుట్టడమే.

చివరికి ‘8 ఓమ్‌లకి ఒక్కో ఛానల్ 40 వాట్లు’ అని నిజాయితీగా రాసున్న పాత స్టీరియో యాంప్లిఫయరు సెకండ్‌హ్యాండులో దొరికింది. మా ఊరి ఉప్పుగాలికి వాల్యూమ్ నాబ్ గరగరలాడుతుంటే శుభ్రం చేయించాం. మూడు వేల వాట్లది అటక మీదుంది, పారేద్దామంటే అమ్మ ఒప్పుకోదు. నాన్నగారు మళ్ళీ పొద్దున్నే వీణ పెట్టుకుంటున్నారు, చెవుల ఊసే లేదు. కానీ తొమ్మిది నెలలు ఆ మనిషి చెవిటివాణ్ణయిపోతున్నానని భయపడుతూ గడిపారు. అట్టపెట్టె మీద ఆ సున్నాలు పెట్టినవాణ్ణి నేనింకా క్షమించలేదు.