ఖాళీ నేల కాదది

కేప్‌టౌన్‌లో లారీ ఎక్కి నమీబియా, బోట్స్‌వానాల మీదుగా విక్టోరియా జలపాతం దాకా సాగే ఓవర్‌లాండ్ యాత్ర గురించి మిత్రులు కొందరు వినే ఉంటారు. మూడు వారాల ప్రయాణం. లారీ అంటే సరుకుల లారీ కాదు. పైన సీట్లూ కిటికీలూ, పక్క అరల్లో డేరాలూ వంటసామానూ నీళ్ళ పీపాలూ ఉంటాయి. సాయంత్రం ఎవరి డేరా వారే వేసుకోవాలి. కూరలు తరగాలి, కడిగిన పళ్ళేలను గాలిలో ఊపి ఆరబెట్టాలి. తెల్లవారకముందే డేరా మడిచి మళ్ళీ లారీ ఎక్కాలి.

నేనూ వెళ్ళివచ్చాను. ఎటోషాలోని ఒకాకుయో విడిదిలో, దీపాల వెలుగులో ఉండే నీటిగుంట ఒడ్డున కూర్చున్న రాత్రి నల్ల ఖడ్గమృగం వచ్చి నీళ్ళు తాగింది. అంతమంది జనంలో ఒక్కరూ మాట్లాడలేదు. అది వెళ్ళిపోయాక, "మనిషి అడుగు పడని చోటిది" అన్నాడొక తోటి యాత్రికుడు. నేను తల ఊపాను. అలా తల ఊపినందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎటోషా నీటిగుంటల చుట్టూ తరతరాలుగా బతికినవారు హైఓమ్ జనం. నాలుకతో లొట్ట వేసినట్టు పలికే హల్లులున్న భాష వారిది. 1907లో జర్మన్ వలసపాలకులు ఆ ప్రాంతాన్ని వన్యమృగ సంరక్షణకు కేటాయించినా వారక్కడే ఉన్నారు. 1954లో, దక్షిణాఫ్రికా ఏలుబడిలో, వారిని బయటికి పంపేశారు. అక్కడే కొలువు దొరికిన కొందరు మిగిలారు. తక్కినవారిలో ఎందరో చుట్టుపక్కల తెల్లవారి పొలాల్లో కూలీలయ్యారు. 2015లో వారి వారసులు కొందరు న్యాయస్థానం తలుపు తట్టారు. తమ జనమంతటి తరఫునా దావా వేసే అర్హత వారికి లేదని 2019లో హైకోర్టు తేల్చింది. 2022లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. అంటే, నేల ఎవరిదన్న అసలు ప్రశ్నకు విచారణే జరగలేదు.

సరిహద్దు దాటి బోట్స్‌వానాలోని ఘాంజీ చేరాక, సాన్ జనం మమ్మల్ని సాయంకాలపు నడకకు తీసుకెళ్ళారు. తోలు దుస్తులు కట్టుకుని, నీరున్న దుంపను తవ్వి చూపించారు. అందరితోపాటు నేనూ ఫోటోలు తీశాను. అక్కడికి తూర్పున ఉన్న సెంట్రల్ కలహారి అభయారణ్యం 1961లో ఏర్పడింది, మృగాలతోపాటు ఆ మనుషుల బతుకునూ కాపాడాలన్న ఉద్దేశంతోనే. అయినా 1997లోనూ 2002లోనూ వారిని అందులోంచి తరలించారు. అది చట్టవిరుద్ధమని 2006లో హైకోర్టు చెప్పింది. సొంత నేల మీద బోరుబావి వాడుకునే హక్కుకై మళ్ళీ కోర్టుకెళ్ళి, 2011లో గెలవవలసి వచ్చింది. అడవిలో సాగనివ్వని బతుకును వారు యాత్రికుల ముందు ప్రదర్శనగా చూపవలసి రావడం నాకు మింగుడు పడలేదు.

ఉద్యానాలు లేకపోతే ఖడ్గమృగం మిగిలేదా అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వేటగాళ్ళ తుపాకులు నిజం, యాత్రికుల డబ్బుతో కాపలా నడుస్తోందన్నదీ నిజం. కానీ మృగం బతకాలంటే మనిషి పోవాలన్నది ప్రకృతి నియమం కాదు, కొందరు పాలకుల నిర్ణయం. నమీబియాయే 1996లో చట్టం మార్చి, ఊరివాళ్ళు సంఘంగా ఏర్పడి తమ నేల మీది వన్యమృగాల బాగోగులు చూసుకుంటూ యాత్రికుల ద్వారా వచ్చే ఆదాయం పొందే వీలు కల్పించింది. అలాంటివి ఇప్పుడు ఎనభైకి పైగా ఉన్నాయి. వాటిలో లోపాలు లేవనను. కాని అక్కడ డేరా వేసుకుంటే అద్దె ఎవరి చేతికి వెళుతుందో అడిగి తెలుసుకోవచ్చు.

కనుక వెళ్ళవద్దని నేననను. ఆ ఆకాశం కింద ఒక్క రాత్రయినా పడుకుని తీరాలి. వెళ్ళేముందు మాత్రం యాత్రా నిర్వాహకులను రెండు ప్రశ్నలు అడగండి: డేరా వేసే నేల ఎవరిది, ఆ రాత్రి అద్దె ఎవరికి చేరుతుంది? సమాధానం రాకపోతే దారిలో మరో విడిది ఉందేమో వెతకండి.

నేను మళ్ళీ వెళతాను. ఆ నీటిగుంట దగ్గర మళ్ళీ కూర్చుంటాను. పక్కనున్నవారు ఆ మాటే అంటే, ఈసారి తల ఊపను. హైఓమ్ వాళ్ళ కథ చెబుతాను.