చూడవలసింది పాత్రను, మనిషిని కాదు

ఆఫీసులోని ఉమ్మడి కాఫీ యంత్రానికి అంతర్జాలపు కాపలా ఎందుకని నవ్వేవారితో నాకు పేచీ లేదు. ఆ కాపలా పెట్టి, దాని చూపును మెల్లగా యంత్రం మీదినుంచి మనుషుల మీదికి మళ్ళించేవారితోనే నా పేచీ. ఇంత చిన్న విషయానికి ఇంత వాదనా అనవచ్చు. చిన్న విషయాల్లో అలవాటైన నిఘాయే పెద్ద విషయాల్లో సహజంగా తోస్తుందని నా నమ్మకం.

ఈ ఆలోచన పుట్టుక చాలా అమాయకమైనది. 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటర్ ప్రయోగశాలలో, ట్రోజన్ రూమ్ అనే గది దగ్గర, కొందరు పరిశోధకులకు కలిపి ఒకటే కాఫీ పాత్ర ఉండేది. దూరపు గదులవారు మెట్లెక్కి దిగి వచ్చేసరికి అది ఖాళీ అయి ఉండేది. క్వెంటిన్ స్టాఫర్డ్ ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ అనే ఇద్దరు పాత్ర ఎదుట ఒక కెమెరా నిలబెట్టి, నిమిషానికి మూడు సార్లు మారే చిన్న నలుపు తెలుపు బొమ్మను అందరి తెరల మీదికీ పంపారు. 1993లో ఆ బొమ్మ వెబ్ మీదికి ఎక్కింది. 2001 ఆగస్టు 22న ఆపివేసేదాకా ప్రపంచం నలుమూలలవారూ దానిని చూశారు. మొట్టమొదటి వెబ్‌క్యామ్‌గా చరిత్రలో నిలిచింది అదే.

ఆ ఏర్పాటు అడిగిన ప్రశ్న ఒక్కటే: కాఫీ ఉందా? ఎవరు తాగారు, ఎన్నిసార్లు తాగారు, ఎంతసేపు నిలబడి కబుర్లాడారు అన్నవి దానికి పట్టలేదు. 1998 ఏప్రిల్ 1న ల్యారీ మాసింటర్ హాస్యానికి రాసిన కాఫీ పాత్రల ప్రోటోకాల్ కూడా అంతే. కాఫీ కాచమంటే టీ పాత్ర 418 సంఖ్యతో 'నేను టీ పాత్రను' అని బదులిస్తుంది. ఆ పరిహాసంలోనూ సంజాయిషీ చెప్పుకునేది పాత్రే, తాగేవాడు కాదు.

నేడు అదే పని మరింత సులువు. పాత్ర కింద బరువు కొలిచే సెన్సారు ఒకటి, వైఫై ఉన్న చిన్న చిప్పు ఒకటి చాలు. మొత్తం బరువులోంచి ఖాళీ పాత్ర బరువు తీసివేస్తే ఎన్ని కప్పులున్నాయో తెలుస్తుంది. బరువు ఒక్కసారిగా పెరిగిన క్షణాన్ని గుర్తుంచుకుంటే కాచి ఎంతసేపయిందో తెలుస్తుంది. ఇంతకుమించి తాగేవాడికి కావలసినది లేదు.

కాని రూపకర్త చేయి అక్కడ ఆగదు. గుర్తింపు కార్డు తాకిస్తేనే కాఫీ పోద్దామంటాడు. లెక్కలు దాచి పెడదామంటాడు. నా కళ్ళ ముందుకు వచ్చిన ఒక ప్రణాళికలో మరో పట్టీ ఉంది. యంత్రం ఖాళీ అయ్యాక ఎన్ని నిమిషాలకు నింపారన్న లెక్క, నింపవలసిన ప్యాంట్రీ కుర్రాడి పేరుకు ఎదురుగా! దానిని తీసివేయమని నేను పట్టుబట్టాను. 'కొలిస్తే తప్పేముంది?' అన్నారు.

తప్పు ఇక్కడే ఉంది. కేంబ్రిడ్జిలో చూసేవారూ తాగేవారూ ఒకే గుంపు. మన ఆఫీసుల్లో తాగేది ఒకరు, నింపేది మరొకరు. నింపే మనిషి తరచూ కాంట్రాక్టు మీద వచ్చినవాడు. ఆ తెర అతనికి కనిపించదు. ఆ పన్నెండు నిమిషాలూ అతను మీటింగు గదిలో కప్పులు తీస్తున్నాడని సెన్సారుకు తెలియదు. తెలియని సంగతి లెక్కలోకి రాదు, తెలిసిన నిమిషాలు మాత్రం జీతం దాకా పోతాయి.

'పేర్లు లేకుండా దాస్తాం కదా' అనేవారికి ఒక్క మాట. రాత్రి పదింటికి అంతస్తులో ఇద్దరే ఉంటే, పోసిన సమయమే పేరు. దానిని హాజరు పట్టీ పక్కన పెట్టడానికి ఏ మేధస్సూ అక్కరలేదు.

'చివరి కప్పు తాగి ఖాళీ పాత్ర వదిలిపోయేవాడి సంగతేమిటి?' అనడం న్యాయమైన ప్రశ్నే. కాఫీ అయిపోయినప్పుడు ఎర్ర దీపం వెలిగించండి. ఆ క్షణాన పక్కనున్నవాడికి సిగ్గు పుట్టడానికి అది చాలు. నెలాఖరున నివేదిక చూసి పుట్టేది సిగ్గు కాదు, కక్ష.

చట్టం చూసుకుంటుందిలే అని చేతులు దులుపుకోలేం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి తీర్పులో చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం మాత్రం ఉద్యోగ అవసరాల పేరుతో, అనుమతి అడగకుండానే సమాచారం వాడుకునే వెసులుబాటు యజమానికిచ్చింది. కనుక సంయమనం గీత గీయవలసినది రూపకర్తే.

ఆ గీత చిన్నదే. చివరి బరువు, చివరిసారి కాచిన సమయం, ఈ రెండే ఉంచండి. కొత్త విలువ రాగానే పాతది చెరిపివేయండి. కార్డు వద్దు, చరిత్ర వద్దు. తెర అందరికీ, నింపేవాడికి కూడా, కనిపించేచోట పెట్టండి. దాచని సమాచారాన్ని ఎవరూ దొంగిలించలేరు, ఏ మేనేజరూ అడగలేడు. కాఫీ ఉందో లేదో చెప్పడానికి ఇంతకంటే ఎక్కువ కావాలనేవాడు అడుగుతున్నది కాఫీ గురించి కాదు.