పన్నీరు ద్రాక్ష

చెన్నపట్నం వీధులలో నల్లద్రాక్ష బండివాడు "పన్నీర్ ద్రాక్షై" అని కేకవేస్తే, ఈ కాలపు మన పిల్లలు విరిగిన పాలతో చేసే పనీర్ అనుకొని నవ్వుతున్నారు. వారి తప్పేమీ లేదు. పన్నీరంటే పెళ్ళివారి మీద వెండిబుడ్డితో చల్లే గులాబీ నీరని మనమే చెప్పలేదు.

ఈ పండు తేని జిల్లా కంబం లోయది. అక్కడి తీగకు చలికాలపు నిద్ర లేదు. కొమ్మలు కత్తిరించిన కొద్దీ ఏటికి రెండు మూడు కాపులు కాస్తుంది. ఐరోపావారు దీనిని మస్కట్ హాంబర్గ్ అంటారు. స్కియావా గ్రోసా అనే నల్లద్రాక్షకూ, అలెగ్జాండ్రియా మస్కట్ అనే తెల్లద్రాక్షకూ పుట్టిన బిడ్డ ఇది. రంగు ఒకరిది, పరిమళం మరొకరిది. గులాబీ తైలంలోని జెరానియాల్ అనే పదార్థమే ఈ పండులోనూ ఉన్నది. చైనావారు సైతం దీనిని తమ భాషలో 'గులాబీ పరిమళం' అనే పిలుస్తారు. ద్రాక్షసారా కూడా తీస్తారు. ఎరుపంతా తొక్కలోనిదే గనుక, తొక్కతోపాటు పులియబెడితేనే సారాకు ఆ రంగు వస్తుంది.

2023లో కంబం పన్నీరు ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. అయితే గింజలున్నవని మన ఇళ్ళలో దీనిని వదలి, గింజలేని పచ్చద్రాక్షకే అలవాటు పడుతున్నాము. కొనేవారు లేనిదే ఏ గుర్తింపూ తోటను నిలుపలేదు.

ఈసారి ఒక పావుకిలో కొని, తినేముందు పిల్లలచేత వాసన చూపించండి. పన్నీరంటే ఏమిటో వారికే తెలుస్తుంది.